పెయింట్‌బాల్ ఎదిగింది సరే, గుర్తింపు ఎందుకు రాలేదు?

హైదరాబాద్ శివార్లలో ఏదో ఒక రిసార్టుకి ఆఫీసు టీమ్ ఔటింగ్ వెళ్లినవాళ్లలో చాలామందికి పెయింట్‌బాల్ తెలుసు. ఎవరో వేసి విప్పిన మిలిటరీ రంగు కోటు, మసకబారిన మాస్కు, మనిషికి ఇన్నని లెక్కపెట్టి ఇచ్చే బంతులు. పాత టైర్ల వెనక కాసేపు ఉరుకులు పరుగులు. మర్నాటికి తొడ మీద రూపాయి బిళ్లంత కమిలిన మచ్చ. బఫే భోజనానికి ముందు ఒక సరదా, అంతే.

ఇదే ఆటకు అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, కిసిమీలో ఏటా వరల్డ్ కప్ జరుగుతుంది. వందల జట్లు వస్తాయి. శాన్ డియేగో డైనాస్టీ, ఎడ్మంటన్ ఇంపాక్ట్, హ్యూస్టన్ హీట్ లాంటి ప్రొఫెషనల్ జట్లకు సొంత అభిమానులున్నారు. రిఫరీలు, పెనాల్టీలు, ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారం, కామెంటరీ, అన్నీ ఉంటాయి. అయినా అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ గుర్తించిన క్రీడల్లో పెయింట్‌బాల్ లేదు. ఒలింపిక్స్‌లో చోటు దొరకని ఆటల కోసం పెట్టిన వరల్డ్ గేమ్స్‌లో కూడా లేదు.

ఎందుకని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే: మనిషికి గురిపెట్టి కాల్చే ఆటను ఎవరు గుర్తిస్తారండీ అని. అందులో కొంత నిజం లేకపోలేదు, దాని దగ్గరికి తర్వాత వద్దాం. కానీ అసలు చిక్కుముడి అక్కడ లేదని నా అభిప్రాయం. మైదానం గీత లోపల పెయింట్‌బాల్ ఎప్పుడో క్రీడ అయిపోయింది. గీత బయట అది ఇప్పటికీ సరుకు అమ్మేవాళ్ల వ్యాపారం. ఈ రెండింటి మధ్య దూరమే అసలు సమస్య.

మొదట్లో ఇది ఆటకోసం పుట్టిన వస్తువే కాదు. నరకాల్సిన చెట్లకు దూరం నుంచే గుర్తు పెట్టడానికి, మందలో పశువులను గుర్తు పెట్టుకోవడానికి నెల్సన్ అనే అమెరికన్ పెయింట్ కంపెనీ ఒక గన్ తయారు చేయించింది. దాని పేరు నెల్‌స్పాట్ 007. గ్యాస్ క్యాట్రిడ్జ్ బలంతో రంగు బంతిని విసురుతుంది. అందుకే ఆటగాళ్లు ఇవాళ్టికీ దాన్ని గన్ అనకుండా మార్కర్ అంటారు.

హేస్ నోయెల్ అనే స్టాక్ బ్రోకర్‌కి, చార్లెస్ గెయిన్స్ అనే రచయితకి మధ్య ఒక వాదన నడిచింది. అడవిలో నెగ్గుకు రావడానికి అక్కడ పెరిగినవాడే కావాలా, నగరంలో తెలివిగా బతికేవాడికైనా చాతనవుతుందా అని. బాబ్ గర్న్సీ అనే మిత్రుడు వాళ్లతో కలిశాడు. 1981 జూన్ 27న న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని హెనికర్ దగ్గర అడవిలో 12 మంది ఈ నెల్‌స్పాట్‌లు పట్టుకుని దిగారు. ఎవరికి వారే. వేర్వేరు చోట్ల పెట్టిన జెండాలు సంపాదించుకుని, రంగు అంటకుండా బయటపడాలి. గెలిచింది రిచీ వైట్ అనే అటవీ ఉద్యోగి. చప్పుడు కాకుండా చెట్ల మధ్యనుంచి జారుకుంటూ, ఒక్కసారి కూడా కాల్చకుండా గెలిచాడు. పెయింట్‌బాల్ అంటే కాల్పుల ఆట అనేవాళ్లకు చెప్పదగ్గ మొదటి సంగతి ఇదే.

ఆ ఆట గురించి పత్రికల్లో వచ్చాక జనం నియమాలు పంపమని అడగడం మొదలుపెట్టారు. గర్న్సీ దాన్ని నేషనల్ సర్వైవల్ గేమ్ పేరుతో వ్యాపారంగా మార్చాడు. 1983 నాటికే జాతీయ చాంపియన్‌షిప్ కూడా పెట్టారు. ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. మామూలుగా ఆట ముందు పుడుతుంది, ఆడేవాళ్లు క్లబ్బులు పెట్టుకుంటారు, క్లబ్బులు కలిసి సంఘం అవుతాయి, సామాన్లు అమ్మేవాళ్లు చివర్లో వస్తారు. పెయింట్‌బాల్‌లో సామాను ముందుంది. దాన్ని అమ్ముకునే కంపెనీ తర్వాత వచ్చింది. చాంపియన్‌షిప్ ఆ కంపెనీ పెట్టింది. సంఘం మాత్రం రాలేదు. ఆ వరస ఇప్పటికీ మారలేదు.

బంతి గురించి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ ఆట ఆర్థికమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. మందుల షాపులో దొరికే చేపనూనె క్యాప్సూల్ ఎలాంటిదో పెయింట్‌బాల్ అలాంటిదే. జెలటిన్ తొడుగు, లోపల రంగు ద్రవం. మొదట్లో బంతులు చేసిపెట్టింది కూడా మందులకు క్యాప్సూల్స్ చేసే ఆర్.పి. షెరర్ కంపెనీయే. మొదటి రోజుల్లో లోపల నూనె రంగు ఉండేది, ఒంటికి అంటితే టర్పెంటైన్‌తో రుద్దుకోవాల్సి వచ్చేది. తర్వాత నీళ్లతో పోయే రంగు వచ్చింది. ఇప్పుడు లోపల ఉండే ద్రవంలో ముఖ్యమైనది పాలీఇథిలీన్ గ్లైకాల్, అది కూడా మందుల్లో వాడేదే. బంతి వ్యాసం దాదాపు 17 మిల్లీమీటర్లు, బరువు సుమారు 3 గ్రాములు.

ఇక అది వెళ్లే వేగం. సెకనుకు 300 అడుగులు అన్నది చాలాకాలంగా పోటీల్లో గరిష్ఠ పరిమితి. అంటే గంటకు సుమారు 330 కిలోమీటర్లు. మైదానంలోకి దిగేముందు ప్రతి మార్కర్‌నీ క్రోనోగ్రాఫ్ అనే వేగం కొలిచే పరికరం మీద కొలుస్తారు. ఈ వేగంతో బంతి కంటికి తగిలితే చూపు పోవచ్చు. అందుకే మాస్కు విషయంలో ఎక్కడా రాజీ ఉండదు. గీత లోపల ఉన్నంతసేపూ మాస్కు తీయకూడదు, గీత దాటగానే మార్కర్ గొట్టానికి తొడుగు వేయాలి. ఈ ఆటలో తీవ్రమైన కంటి గాయాలు ఎక్కువగా జరిగింది ఎవరి పర్యవేక్షణా లేకుండా, మాస్కు లేకుండా సొంతంగా ఆడుకున్నచోటే.

అడవిలో దాక్కుని ఆడే ఆట ఎంత బాగున్నా చూసేవాడికి ఏమీ కనిపించదు. చెట్లు అడ్డం. పైగా ఒక జట్టుకు దొరికిన చాటు ఇంకో జట్టుకు దొరకదు. 1990లలో ఆట చదును మైదానంలోకి వచ్చింది. ఆ దశాబ్దం రెండో సగంలో, చాటుకోసం నిలబెట్టే గాలి నింపిన బంకర్లు వచ్చాయి. ఆటను క్రీడగా మార్చింది నిజానికి ఈ గాలి బంకర్లే. మైదానం మధ్యలో గీత గీసి మడిచితే రెండు సగాలూ అచ్చంగా ఒకదానిమీద ఒకటి సరిపోయేలా వాటిని అమరుస్తారు. అదృష్టానికి చోటు తగ్గింది. అదే అమరికను ఏ ఊళ్లోనైనా వేసుకోవచ్చు. పెద్ద టోర్నమెంట్లలో ఈసారి అమరిక ఏమిటో ముందే బయటపెడతారు. జట్లు దాన్ని తమ మైదానంలో వేసుకుని, ఏ బంకర్ నుంచి ఏ సందు కనిపిస్తుందో ఒక్కోటీ లెక్కేసుకుని సాధన చేస్తాయి.

ఒక్క పాయింట్ ఎలా సాగుతుందో చూస్తే సంగతి తెలుస్తుంది. మైదానం సుమారు 150 అడుగుల పొడవు, 120 అడుగుల వెడల్పు. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు, రెండు కొసల్లో. బజర్ మోగగానే ముగ్గురు ముందుకు పరుగెడతారు. వెనక ఉన్నవాళ్లు పరుగెత్తరు, వెంటనే కాలుస్తారు. ఎవరిని చూసి? ఎవరినీ కాదు. ఎదుటివాడు పరుగెడుతూ దాటి తీరాల్సిన ఖాళీ చోటుని చూసి. బంతి ఆ దూరం వెళ్లడానికి అర సెకను పైనే పడుతుంది, ఈలోపు మనిషి నాలుగడుగులు వేసేస్తాడు. మనిషిని చూసి కాలిస్తే తగలదు. అందుకే ఆ సందులో వరసగా బంతులు పంపుతూ ఉంటే, పరుగెత్తేవాడే వచ్చి వాటికి తగులుకుంటాడు. దీన్ని లేన్ పట్టడం అంటారు. మంచి జట్టు మొదటి నాలుగు సెకన్లలోనే ఎదుటివాళ్లలో ఒకడిని ఇలా బయటికి పంపేస్తుంది. ఆ తర్వాత ఐదుగురి మీద నలుగురు. సగం ఆట అక్కడే తేలిపోతుంది.

బతికి ముందుకు చేరినవాళ్లలో ఒకడు మైదానం అంచున నేలకు ఆనుకుని పొడుగ్గా పరిచిన బంకర్ల వెనక పాకుతూ వెళతాడు. ఆ వైపుని స్నేక్ అంటారు. రెండో అంచున త్రికోణం బంకర్లు ఉంటాయి, వాటికి చిప్స్ పేరుతో డొరిటో అని పేరు పడిపోయింది. స్నేక్ వైపు పాకినవాడు ఎదుటి జట్టు పక్కటెముకల వైపు నుంచి కాల్చగల చోటికి చేరితే ఇక వాళ్ల బంకర్లు వాళ్లకు చాటు ఇవ్వవు. చివరికి ఎదుటి జట్టు మొదలైన చోటికి వెళ్లి అక్కడి బజర్ నొక్కితే పాయింట్. ఒక్కో పాయింట్ నిమిషంలోపు అయిపోవచ్చు, ఐదారు నిమిషాలు సాగనూవచ్చు.

బంతి పగిలి నాణెమంత రంగు అంటితేనే ఔట్. తగిలి పగలకుండా ఎగిరిపోతే లెక్కలోకి రాదు. మైదానంలోనే తిరిగే రిఫరీలు పరుగెత్తుకొచ్చి వీపు, మార్కర్ మీది బంతుల డబ్బా, బూటు అన్నీ చూస్తారు. తగిలిందని తెలిసీ ఆడితే శిక్ష. చేత్తో తుడిచేసుకుని ఆడితే అంతకన్నా పెద్ద శిక్ష. తప్పును బట్టి జట్టు రెండు నిమిషాలపాటు ఒక మనిషి తక్కువతో ఆడాల్సి రావచ్చు. ఐస్ హాకీ చూసేవాళ్లకు ఇది ఎక్కడిదో ఇట్టే తెలిసిపోతుంది. 2002లో ఈ పద్ధతిని ఎక్స్‌బాల్ పేరుతో తెచ్చిన రిచ్‌మండ్ ఇటాలియా కెనడా మనిషి, హాకీ గడ్డ నుంచి వచ్చినవాడు. అంతకుముందు ఒక ఆట గెలిచామా ఓడామా అంతే. ఎక్స్‌బాల్‌తో స్కోరు బోర్డు, గడియారం, టైమ్ ఔట్, పాయింట్‌కీ పాయింట్‌కీ మధ్య మార్కర్లు తుడిచి బంతులు నింపే సహాయక బృందం వచ్చాయి. అంటే ఇంటికెళ్లి స్కోరెంత అని అడిగితే చెప్పడానికి ఒక అంకె దొరికింది.

అదే ఇటాలియా అప్పట్లో పెయింట్‌బాల్స్ తయారుచేసే ప్రోక్యాప్స్ కంపెనీ యజమాని కూడా. ఎక్కువ పాయింట్లున్న ఆట అంటే ఎక్కువ బంతులు ఖర్చయ్యే ఆట. ఆయన దురుద్దేశంతో చేశాడని నేను అనను. ఎక్స్‌బాల్ లేకపోతే ఇవాళ ఈ ఆట ఈ మాత్రం కూడా ఉండేది కాదు. కానీ ఆట నియమాలు రాసేవాడు, బంతులు అమ్మేవాడు ఒకడే అయినప్పుడు కంచే చేను మేస్తుందేమోనన్న అనుమానం తీసేయలేం.

లెక్క చూద్దాం. 1990ల చివర్లో ఎలక్ట్రానిక్ మార్కర్లు వచ్చాక కాల్చే వేగం ఎంతగా పెరిగిందంటే, లీగ్‌లే దానికి పగ్గం వేయాల్సి వచ్చింది. ఇప్పుడు పెద్ద లీగ్‌లో పరిమితి సెకనుకు సుమారు 10 బంతులు. ఒక పెట్టెలో 2000 బంతులుంటాయి. ఆపకుండా కాలిస్తే పెట్టె 3 నిమిషాల 20 సెకన్లలో ఖాళీ. ఎవరూ అలా ఆపకుండా కాల్చరనుకోండి, కానీ ఐదుగురు కలిసి ఒక మ్యాచ్‌లో పెట్టెల మీద పెట్టెలు లాగించేస్తారు. క్రికెట్‌లో ఒక బంతితో ఇన్నింగ్స్‌లో ఎన్నో ఓవర్లు వేస్తాం. ఇక్కడ బంతి పగలడమే ఆట. సాధన చేసినా ఖర్చే. కాబట్టి స్పాన్సర్ లేని కుర్రాడికి ఈ ఆటలో పైకి రావడం కష్టం, ఆ స్పాన్సర్లు ఎవరో వేరే చెప్పక్కర్లేదు. టోర్నమెంట్లు నడిచేది కూడా జట్లు కట్టే ఎంట్రీ ఫీజులతో, స్టాళ్లు పెట్టే కంపెనీల డబ్బుతో. టికెట్ కొని చూసే ప్రేక్షకుడి మీద ఆధారపడి కాదు.

ఇక్కడే టీవీ సంగతి వస్తుంది. 2000ల మధ్యలో పెయింట్‌బాల్‌ని పెద్ద టీవీ క్రీడగా చేయాలని గట్టిగా ప్రయత్నించారు. ఈఎస్‌పీఎన్ లాంటి చానళ్లలో వచ్చింది. నిలబడలేదు. ఏం చేస్తారు, బంతి కెమెరాకు ఆనదు. పది మంది పది చోట్ల ఒకేసారి ఏదో చేస్తుంటారు, అసలు ఘట్టం కెమెరా లేనిచోట అయిపోతుంది. అందరికీ మాస్కులే, ముఖంలో కోపమో భయమో చూద్దామన్నా కనిపించదు. ఆట తెలిసినవాడికి ప్రతి క్షణం టెన్షన్, తెలియనివాడికి గందరగోళం. ఇవాళ ఆన్‌లైన్‌లో చూస్తున్నవాళ్లు చాలావరకు ఆడేవాళ్లూ, ఒకప్పుడు ఆడినవాళ్లే.

అదే సమయంలో ఇంటి గొడవలు ఒకటి. ఎన్‌పీపీఎల్ అన్న పేరుమీద నడిచే లీగ్ వ్యవహారం 2002, 2003 ప్రాంతంలో చీలింది. ఒక వర్గం ఏడుగురేసి ఆడే పద్ధతితో కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ బీచ్ ఇసుకలో టోర్నమెంట్ పెట్టింది. రెండో వర్గం పీఎస్‌పీ అనే పేరుతో ఎక్స్‌బాల్ నడిపింది. యూరప్‌లో మిలీనియం సిరీస్ తనదారిన తను. ఆసియాలో మలేసియా కేంద్రంగా పాల్స్ అనే లీగ్. ఎవరికి వారే యమునా తీరే. ఇంతలో స్మార్ట్ పార్ట్స్ అనే కంపెనీ ఎలక్ట్రానిక్ మార్కర్ల పేటెంట్లు పట్టుకుని మిగతా తయారీదారులను కోర్టులకు ఈడ్చింది. 2008 మాంద్యం వచ్చేసరికి, వారాంతంలో ఈ ఖరీదైన సరదా మానేయడం అందరికీ తేలికైంది. స్మార్ట్ పార్ట్స్ 2010లో మూతపడింది. మిగిలిన పెద్ద కంపెనీలు ఒకదాన్నొకటి మింగుతూ పోయాయి. ఇటాలియాయే తర్వాత పెట్టిన జీఐ స్పోర్ట్జ్, 2015లో కీ యాక్షన్ స్పోర్ట్స్ అనే మరో కంపెనీని కలిపేసుకుని, 2020లో దివాలా తీసింది. పీఎస్‌పీ కూడా పోయి 2015 నుంచి ఎన్ఎక్స్ఎల్ పెద్ద లీగ్ అయింది.

కంపెనీలు పుడతాయి, పోతాయి. కానీ ఆటను నడిపేది కంపెనీయే అయినప్పుడు దానితోపాటు రూల్ పుస్తకం, ర్యాంకింగులు, ఆటగాళ్ల రికార్డులు కూడా చేతులు మారతాయి. ఇరవయ్యేళ్ల కిందటి చాంపియన్ ఎవరని అడిగితే, ఏ లీగ్‌లో అని ఎదురు ప్రశ్న వేయాల్సి వస్తుంది.

అందుకే గుర్తింపు దగ్గర బండి ఆగిపోతుంది. అంతర్జాతీయ క్రీడా సమాఖ్యల ఉమ్మడి వేదికగా ఉండిన స్పోర్ట్ అకార్డ్, క్రీడ అంటే ఏమిటో చెప్పడానికి కొన్ని షరతులు పెట్టుకుంది: పోటీ ఉండాలి, అదృష్టాన్ని ఆటలో భాగంగా ఇరికించకూడదు, ఆటగాడి ఆరోగ్యానికి మితిమీరిన ప్రమాదం ఉండకూడదు, ఏ ప్రాణికీ హాని చేయకూడదు, ఒకే ఒక్క అమ్మకందారు సామాను మీద ఆధారపడకూడదు. పెయింట్‌బాల్‌ని వీటి ముందు నిలబెట్టండి. అన్నీ దాటేస్తుంది. ఆగేది దాని తర్వాతి మెట్టు మీద. ఆ ఆటకు ప్రపంచం మొత్తం మీద ఒప్పుకున్న ఒకే సమాఖ్య ఉండాలి. దాని కింద ఎన్నో దేశాల జాతీయ సమాఖ్యలు ఉండాలి, వాటికి ఎన్నికలుండాలి. డోపింగ్ పరీక్షలు చేయాలి, టోర్నమెంట్ లేని రోజుల్లో కూడా. యునైటెడ్ పెయింట్‌బాల్ ఫెడరేషన్ లాంటి ప్రయత్నాలు జరగకపోలేదు. కానీ గొప్ప జట్లు, డబ్బు, పేరు అన్నీ లీగ్‌ల దగ్గరుంటే సమాఖ్య లెటర్‌హెడ్ దగ్గరే మిగిలిపోతుంది. దానికి ఓటు అప్పగించి తన రూల్ పుస్తకాన్ని వదులుకోవాల్సిన అవసరం లీగ్‌కేముంది?

పోల్చడానికి బ్రేకింగ్‌ని చూడండి. వీధుల్లో పుట్టిన నృత్యం, 2024 పారిస్ ఒలింపిక్స్‌లోకి వెళ్లింది. అది పెయింట్‌బాల్ కన్నా ఎక్కువ క్రీడ కావడం వల్ల కాదు, అప్పటికే ఒలింపిక్ కమిటీ గుర్తింపు ఉన్న ప్రపంచ డాన్స్‌స్పోర్ట్ సమాఖ్య గొడుగు కిందకి చేరడం వల్ల. మన కబడ్డీ సంగతీ అంతే. 1990 బీజింగ్ ఆసియా క్రీడల నాటికే దానికి సమాఖ్యలున్నాయి, ప్రో కబడ్డీ లీగ్ వచ్చింది 2014లో. ఇంట గెలిచి రచ్చ గెలిచింది. పెయింట్‌బాల్ రచ్చతో మొదలుపెట్టింది.

ఇక తుపాకీ అభ్యంతరం. 2009 మార్చిలో జర్మనీలోని వినెండెన్‌లో ఒక కుర్రాడు స్కూల్లో కాల్పులు జరిపాక, మే నెలలో అక్కడి పాలక కూటమి పెయింట్‌బాల్‌ని నిషేధించాలని ప్రతిపాదించింది. చంపడాన్ని అనుకరించే ఆట అన్నది వాదన. విమర్శలు వచ్చి వెనక్కి తగ్గారు. కానీ అక్కడ మార్కర్ శక్తికి 7.5 జౌల్స్ పరిమితి ఉంది. అందుకని మిగతా చోట్ల సెకనుకు 300 అడుగులు అనే బంతి అక్కడ 214 అడుగులకే ఆగాలి. ఒకే ఆట దేశానికో వేగంతో ఆడాలంటే అంతర్జాతీయ పోటీకి అది మరో తలనొప్పి. అయినా ఈ అభ్యంతరం దాటలేనిదని నేననుకోను. కత్తిసాము ఫెన్సింగ్‌గా ఒలింపిక్స్‌లో మొదటినుంచీ ఉంది. పోటీ ఆటగాళ్లు మిలిటరీ రంగుల బట్టలు ఎప్పుడో వదిలేసి, రంగురంగుల జెర్సీల్లోకి మారారు. కాకపోతే జనం ఎక్కువగా చూసేది రిసార్టు ఆటనే కాబట్టి, ఆ మిలిటరీ కోటు బొమ్మే మనసులో నిలిచిపోయింది.

మన దగ్గర గుర్తింపు అంటే పతకం కన్నా ముందు గుర్తొచ్చేది స్పోర్ట్స్ కోటా. కేంద్ర ప్రభుత్వం 2020లో ఉద్యోగాలకు అర్హమైన క్రీడల జాబితాకు 20 కలిపి 63 చేసింది. టగ్ ఆఫ్ వార్, మల్లఖంబ్, రోల్ బాల్, సెపక్ తక్రా, చివరికి మోటార్ స్పోర్ట్స్‌కి కూడా చోటు దొరికింది. పెయింట్‌బాల్ లేదు. కాబట్టి ఏదో ఒక సంఘం పేరుతో పెయింట్‌బాల్ జాతీయ సర్టిఫికెట్ ఇస్తామని ఎవరైనా అంటే, ఫీజు కట్టే ముందు ఆ జాబితా ఒకసారి తీసి చూడాలి.

సర్టిఫికెట్ కోసం కాకుండా నిజంగా ఆడాలనే ఉన్నవాళ్లకు కష్టాలు వేరే. మన రిసార్టుల్లో దొరికేది ఎక్కువగా అద్దెకిచ్చే నెమ్మది మార్కర్, అది లేన్ పట్టడం నేర్పదు. పోటీ మార్కర్, హై ప్రెషర్ ఎయిర్ సిలిండర్, అది నింపే కంప్రెషర్ అన్నీ కావాలి. జెలటిన్ తొడుగు ఎండకు మెత్తబడుతుంది, తేమకు ఉబ్బుతుంది, ఉబ్బిన బంతి గొట్టంలోనే పగులుతుంది. విశాఖలోనో విజయవాడలోనో మే నెలలో ఆడాలంటే బంతుల పెట్టెలను ఏసీ గదిలో పెట్టుకోవాలి. ఇవన్నీ ఒక్కడు పెట్టుకోగల ఖర్చులు కావు, ఒక క్లబ్బు పదిమంది కలిసి పెట్టుకోవాల్సినవి. రిసార్టుకు అలాంటి క్లబ్బుతో పనిలేదు, దానికి వారాంతానికి నాలుగు ఆఫీసుల బుకింగులు వస్తే చాలు.